తొట్టి మీద పట్టకారు

ఖాళీ తొట్టి చప్పుడు వేరు, బిడ్డ పడుకున్న తొట్టి చప్పుడు వేరు. ఖాళీదాన్ని కాలితో తోస్తే అడుగునున్న వంపు చెక్కలు బండల మీద టకటకలాడతాయి, బిడ్డ ఉంటే ఆ కాస్త బరువుకే అణిగి, దుబ్, దుబ్ అంటాయి. గొబ్నెట్ మంచం అంచున కూర్చుని, కుడికాలి బొటనవేలితో తొట్టిని ఊపుతూ ఆ చప్పుడే వింటోంది. దుబ్, దుబ్. ఉంది. ఎక్కడికీ పోలేదు. తొట్టి మీద అడ్డంగా పొయ్యి పట్టకారు ఉంది, మసిపట్టిన పాత ఇనుము, అమ్మ పెట్టి వెళ్ళింది, నేను శాలువా తెచ్చేదాకా తియ్యకు, బిడ్డని ఎత్తుకున్నా ఒక చెయ్యి దాని మీదే ఉండాలి అని నాలుగుసార్లు చెప్పి మరీ వెళ్ళింది. దుబ్, దుబ్. మొన్నటి కంటే ఈ చప్పుడు పలచబడిందా? బిడ్డ తేలికవుతోందా? పాలు తాగుతుంది, కానీ ఎవరో బలవంతం చేస్తే తాగినట్టు తాగుతుంది, మధ్యలో ఆపి తల్లి భుజం మీదుగా వెనక్కి చూస్తుంది. తొమ్మిది రోజుల పిల్లకి గోడకీ మనిషికీ తేడా తెలియదంటారు. మరి ఆ చూపు గోడ దగ్గర ఆగదే, ఎవరో నడుస్తుంటే వాళ్ళతో పాటు మెల్లిగా కదులుతుందే. పుట్టిన మూడు రోజులూ ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఆపింది. ఆ తర్వాత ఒక్క ఏడుపు లేదు. అదృష్టవంతురాలివి, నిద్ర దక్కింది అని పక్కింటివాళ్ళు నవ్వారు. నాలుగో రోజు మధ్యాహ్నం తను ఏం చేసిందో వాళ్ళకి తెలియదు.

దీవిలో అందరూ రేవు దగ్గర ఉన్నారు. ఎనిమిది రోజుల తుఫాను రాత్రికి రాత్రి చచ్చిపోయింది, పొద్దున్నే మొగుడు కోల్మన్, మరో ముగ్గురూ తారు పూసిన పడవ దింపి, బిడ్డకి జ్ఞానస్నానం చేయించే ఫాదర్‌ని తీసుకురావడానికి అవతలి ఒడ్డుకి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళిన గంటకి పొగమంచు దిగింది. అత్త పోతే కోడలు వచ్చినట్టు తుఫాను పోయి ఇది వచ్చింది, ఏది మేలో చెప్పలేం. బాలింత చర్చి గడప తొక్కకూడదు, కాబట్టి గొబ్నెట్ ఇంట్లోనే ఉండాలి. ఫాదర్ దిగగానే కోల్మన్ చెల్లెలు మురేద్ పరిగెత్తుకుంటూ వస్తుంది, జ్ఞానతల్లి తనే, బిడ్డని ఎత్తుకుని చర్చికి పోయేది తనే. పోయేముందు వంగి చెవి పెడుతుంది, గొబ్నెట్ ఆ చెవిలో పేరు చెప్పాలి. అప్పటిదాకా పేరు తల్లి కడుపులోనే ఉండాలి, మొగుడికి కూడా చెప్పకూడదు, నెత్తి మీద నీళ్ళు పడేదాకా బయట ఎవరి చెవినా పడకూడదు. ఎవరి చెవిన అంటే, కంటికి కనపడకుండా తిరుగుతూ పసివాళ్ళని ఎత్తుకుపోయే మంచివాళ్ళ చెవిన. వాళ్ళని అలాగే అనాలి. భయం ఉన్నచోట మర్యాద ఎక్కువ. వాళ్ళు దాటలేనిది ఇనుమొక్కటే. పేరు తెలిస్తే పిలుస్తారు, పిలిస్తే పసిది పోతుంది, తొట్టిలో దానిలాంటిదే ఇంకొకటి మిగులుతుంది, ఏడవనిది, తేలికైనది.

ఏడవనిది, తేలికైనది. దుబ్, దుబ్. నాలుగో రోజు గాలి పొగగొట్టంలోంచి లోపలికి అరుస్తోంది, పొయ్యిలో కట్టెలకి బదులు పెట్టిన ఎండు మట్టిగడ్డలు సగం కాలి పొగ కక్కుతున్నాయి, అమ్మ మేకల కొట్టంలో ఉంది, బిడ్డ ఒళ్ళో ఏడుస్తోంది. కళ్ళు తెరిచింది. ఆ కళ్ళు నీలం కాదు, ఆకుపచ్చ కాదు, వాన ముందు సముద్రం ఉన్నట్టు బూడిద రంగు. ఎంత ముద్దొచ్చిందంటే గొబ్నెట్‌కి ఒళ్ళు తెలియలేదు, బుగ్గకి బుగ్గ ఆనించి, లీయదన్ అంది. మళ్ళీ లీయదన్ అంది. మూడోసారి చెవిలో, ఊపిరంత మెల్లిగా, లీయదన్. బూడిద రంగు ఆవిడ అని దాని అర్థం. బిడ్డ ఏడుస్తున్నదల్లా ఆపింది. ఆపి, తల్లి వైపు చూడలేదు. తలుపు వైపు చూసింది. గాలి కూడా అప్పుడే ఒక్క క్షణం ఆగిందని తర్వాత అనిపించింది, కానీ తర్వాత అనిపించేవి ఎన్నో ఉంటాయి, వాటిని నమ్మకూడదు. నమ్మకూడదు కానీ బిడ్డ ఏడవడం లేదు.

అసలు తనకి పేర్ల పిచ్చి పట్టించింది మాస్టారు. బళ్ళో పదకొండు మంది ఆడపిల్లలు, ఒక్కొక్కరూ లేచి తన పేరూ అర్థమూ చెప్పాలి. సోరఖ లేచి వెలుగు అనేది, ఆ మాట అంటున్నప్పుడు పళ్ళన్నీ బయటపెట్టేది. ఫిన్నూల లేచి తెల్లని భుజాలది అనేది, దాని భుజాల నిండా మచ్చలే అయినా. సైవ్ అంటే తీయనిది, డౌనిత్ అంటే జింకపిల్ల. చివరికి తన వంతు వచ్చేది. గొబ్నెట్, కమ్మరి పిల్ల. మగపిల్లలు బల్లల మీద సుత్తి దెబ్బల్లా టంగు టంగుమని కొట్టేవాళ్ళు. కమ్మరి కొలిమి ఈ దీవిలో లేనే లేదు, నాన్న చేపలు పట్టేవాడు, ఎవరి పోలికతో ఈ పేరు తెచ్చి తన నెత్తిన రుద్దారో! ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ బంగాళాదుంపల కుండ దించుతూ, ఏడువు, ఏడిస్తే తుప్పు పట్టవులే అనేది. ఏడ్చి ఏడ్చి గొబ్నెట్ ఒకటి ఒట్టు వేసుకుంది. నాకు పిల్ల పుడితే ఎవరికీ లేని పేరు, వినగానే మనుషులు ఆగిపోయే పేరు పెడతాను. మాస్టారి దగ్గర అలాంటివి ఒక పాత నోటుపుస్తకం నిండా ఉండేవి. శుక్రవారం సాయంత్రాలు చదివేవాడు, చదువుతుంటే చచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి పలికినట్టు ఉండేది. మిర్యల్, సముద్రం మీది మెరుపు. లసరీన, ద్రాక్షసారాయి మంట. బేవిన్, తీయని గొంతు ఆవిడ. కీలిన్, సన్నగా తెల్లగా ఉండేది. గోర్మ్‌లా, గొప్పింటి రాణి. మిర్యల్, లసరీన, బేవిన్, కీలిన్, గోర్మ్‌లా, డిరన్.

లీయదన్ ఎక్కడ? మళ్ళీ మొదటి నుంచి. మిర్యల్, లసరీన, బేవిన్. మాస్టారి ముక్కు మీద కళ్ళజోడు, కిటికీలో వాన, కీలిన్, గోర్మ్‌లా, డిరన్. అంతే. ఆ జాబితా తనకి జపమాల కంటే బాగా వచ్చు, అందులో లీయదన్ లేదు. బొటనవేలు ఆగింది. తొట్టి ఇంకో రెండుసార్లు దానంతటదే ఊగి ఆగింది. మాస్టారు చెప్పకపోతే ఎవరు చెప్పారు? ఈ దీవిలో ఆ పేరుతో మనిషి లేదు, మేక కూడా లేదు. మరి దాని అర్థం తనకి ఎలా తెలుసు? బూడిద రంగు ఆవిడ. ఎవరో నవ్వుతూ చెప్పారు. నవ్వుతూ కాదు, పక్కన చతికిలబడి, ఇసుకలో వేలితో గీస్తూ, నా పేరేంటో తెలుసా అని.

కిటికీ అద్దానికి పొగమంచు ఆనుకుని ఉంది. ఆ మంచు వెనకాల గోడ, గోడ వెనకాల చిన్నరాళ్ళ దిబ్బ. పెంకులూ గులకరాళ్ళూ కలిసిన నేల, మూరెడు మూరెడు దూరంలో నిలబెట్టిన రాళ్ళు, ఒక్కదాని మీద కూడా అక్షరం లేదు. నీళ్ళు పడకుండా పోయిన పిల్లలు అక్కడ ఉంటారు. పేరు లేదు కాబట్టి రాయడానికేం లేదు, చర్చి పెరట్లో చోటు లేదు కాబట్టి సముద్రం ఒడ్డున. తండ్రులే పొద్దుపొడవక ముందు పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళి పూడ్చి వస్తారు, ఎవరూ ఎవరినీ అడగరు. పిల్లలు అటు పోకూడదు. గొబ్నెట్ పోయేది. ఐదేళ్ళప్పుడు, అమ్మ పాలు పితికే వేళ, గోడ సందులోంచి దూరి పోయేది. అక్కడ ఒక్కతే ఆడుకునేది. ఒక్కతేనా? గవ్వలు రెండు వాటాలు వేసేది, అది గుర్తుంది. ఇవి నాకు, ఇవి నీకు. ఎవరికి? మోకాళ్ళు గుర్తున్నాయి, తన మోకాళ్ళకి ఎదురుగా ఇంకో రెండు మోకాళ్ళు, చలికి రంగు మారినట్టు, బూడిద పూసినట్టు. మొహం గుర్తు లేదు. ఎంత తవ్వినా మొహం దగ్గరికి వచ్చేసరికి పొగమంచే. ఒకరోజు నాన్న వచ్చి, రెక్క పట్టుకుని లేపి భుజాన వేసుకుని తీసుకొచ్చాడు. దారిలో ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. మర్నాటికల్లా గోడ సందు రాళ్ళతో మూసేశాడు. ఇన్నేళ్ళూ అదంతా ఎక్కడ దాక్కుంది తల్లీ? ఒక్క పేరు పట్టుకుని లాగితే తీగంతా కదిలింది.

బిడ్డ మేలుకునే ఉంది. పట్టకారు కిందినుంచి కిటికీ వైపు చూస్తోంది. గొబ్నెట్ కిటికీ వైపు చూడలేదు. చూస్తే ఏం కనిపిస్తుందో అని కాదు, ఏమీ కనిపించకపోతే ఇంకా భయం. ఏడువమ్మా, ఒక్కసారి ఏడువు, నీకు దండం పెడతాను. చెయ్యి లోపలికి పెట్టి పాదం గిల్లింది, గట్టిగానే గిల్లింది. బిడ్డ కాలు కూడా వెనక్కి తీసుకోలేదు. ఆ పాదం చల్లగా ఉంది.

తలుపు తీసుకుని అమ్మ వచ్చింది. బాబీన్ అంటే ఊళ్ళో అందరికీ గౌరవమే, మాట తక్కువ, చూపు ఎక్కువ. చేతిలో తెల్ల ఉన్ని శాలువా, జుట్టు మీద మంచు బొట్లు.

"పడవ తెడ్ల చప్పుడు వినిపిస్తోందట. ఇంకాసేపట్లో వచ్చేస్తారు. ఏడ్చిందా?"

"లేదు."

"పేరు అనుకున్నావుగా? నాకు చెప్పకు."

"అమ్మా, నేను దాన్ని పిలిచాను."

శాలువా దులుపుతున్న చేతులు ఆగాయి. "నీళ్ళు పడకముందేనా?"

"మూడుసార్లు."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇరవై నాలుగేళ్ళు వచ్చాయి, ఎందుకు తల్లీ? ఏమని పిలిచావు? వద్దు, పైకి అనకు. ఇలా రా, చెవిలో చెప్పు."

గొబ్నెట్ లేచి అమ్మ మెడ చుట్టూ చెయ్యి వేసి చెప్పింది. అమ్మ మెడ దగ్గర పొగ వాసన, పాల వాసన. చెప్పాక ఆ మెడ ఎంతసేపు కదలకుండా ఉందో, కూర్చో అమ్మా అని తనే అనాల్సి వచ్చింది. బాబీన్ పొయ్యి పక్క పీట మీద కూర్చుంది. శాలువా ఒళ్ళో పడి ఉంది, దానికి బూడిద అంటుతోంది, చూసుకోలేదు.

"ఎవరు చెప్పారు నీకు?"

"నీ నోటే విన్నానేమో. చిన్నప్పుడు."

"నా నోటా? ఆ పేరు నా నోట్లోంచి ఒక్కసారి కూడా బయటికి రాలేదే. ఫాదర్‌కి చెప్పలేదు. మీ నాన్నకి చెప్పలేదు, ఆయన తెలియకుండానే పోయాడు. లోపలే అనుకున్నాను, లోపలే పిలిచాను." తొట్టి వైపు చూసింది. "ఆ తొట్టి నీ కోసం చేసింది కాదు. నీ కంటే రెండేళ్ళ ముందు చేశాడు మీ నాన్న. ఎవరి కోసం చేశాడో ఆ పిల్ల అందులో ఒక్క పూట కూడా పడుకోలేదు. పుట్టేటప్పటికే ఊపిరి లేదు. తెల్లారకముందే తీసుకెళ్ళిపోయాడు. ఏ రాయో కూడా నాకు చెప్పలేదు, చెబితే అక్కడే కూర్చుంటానని భయం."

గొబ్నెట్‌కి తెలుసు కదా, ప్రతి ఇంటికీ ఆ దిబ్బలో ఒకరో ఇద్దరో ఉన్నారని. తన ఇంటికి కూడా ఉంటారని మాత్రం ఎందుకో ఎప్పుడూ తట్టలేదు. అక్క. తనకి ఒక అక్క. గవ్వల్లో సగం వాటా.

"మరి ఆ పేరే ఎందుకు పెట్టావమ్మా?"

"నువ్వెందుకు పెట్టావు?"

"కళ్ళు చూసి."

"నువ్వు దీని కళ్ళు చూసి పెట్టావు. నేను దాని ఒళ్ళు చూసి పెట్టాను," అంది బాబీన్. ఏడవలేదు. ఏడుపుకి ఎప్పుడో కరువొచ్చిన మనిషి.

దుబ్, దుబ్ అనాల్సిన తొట్టి ఊరికే ఉంది. ఆ పేరు ఇస్తే, ఈ బిడ్డ అక్కది అయిపోతుంది, అక్క పేరుతో పిలిచిన ప్రతిసారీ ఎవరు పలుకుతారో తెలియదు, జీవితమంతా తలుపు వైపు చూస్తూ బతుకుతుంది, బతికితే. ఇవ్వకపోతే? ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి అక్కని ఎవరో పేరు పెట్టి పిలిచారు, అది లేచి వచ్చింది, గోడ దాటి గుమ్మం దాకా వచ్చి నిలబడింది, నిన్ను కాదులే పో అనాలా? పేరు లేనిదానికి ఉన్నది అదొక్కటే. దాన్ని కూడా లాక్కుని ఫాదర్ వెండి గిన్నెలో కడిగి ఇంకొకరికి ఇవ్వాలా? తోబుట్టువు అన్నం తోబుట్టువే లాక్కున్నట్టు. నాకు ఎవరికీ లేని పేరు కావాలి, కావాలి అని ఒట్లు పెట్టుకుంది కదా. ఎవరికీ లేని పేరు కాదు అది. ఒకరికి ఉన్నది. ఆ ఒకరికి ఇంకేమీ లేదు.

"అమ్మా, నాకు నా పేరు ఎవరు పెట్టారు?"

"మీ నాన్నే. నువ్వు ఏడుస్తూ పుట్టావు, ఊరంతా వినపడింది. ఈసారి ఇనుము పెడదాం బాబీన్, ఎవరూ ఎత్తుకుపోలేనిది పెడదాం అన్నాడు. నీకు నచ్చలేదని తెలుసు. ముద్దుగా ఉండాలని పెట్టలేదు తల్లీ. ఉండాలని పెట్టాం."

ఉండాలని. ఆ మాట గొబ్నెట్ గొంతులో ఉడుకు గంజిలా దిగింది. నాన్న భుజాన వేసుకొచ్చిన రోజు, గోడ సందు మూసిన రాళ్ళు, టంగు టంగుమన్న బల్లలు. ఇంతకాలం నవ్వులాట అనుకున్నది నెత్తి మీద ఉన్న పట్టకారన్నమాట.

అప్పుడే వాకిట్లో అడుగులు, మనిషి కంటే ముందు గొంతు వచ్చింది. "వదినా! తెచ్చారే ఫాదర్‌ని! దారంతా వాంతులేనట, మొహం ముల్లంగిలా తెల్లబడింది. దేవుడి మనిషి అయితే ఏం, సముద్రానికి మొహమాటం లేదుగా. మా అన్నయ్య ఏమో పెళ్ళికొడుకులా ఎగురుతున్నాడు. ఏదీ మా కోడలు?" మురేద్ లోపలికి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, "ఏమయింది, ఎవరైనా పోయారా?" అంది.

"ఎవరూ పోలేదు," అంది బాబీన్ లేచి. శాలువాకి అంటిన బూడిద దులిపింది, పూర్తిగా పోలేదు. అంచులో ఒక సూది గుచ్చింది, మడతలో చిటికెడు ఉప్పు వేసింది. గొబ్నెట్ పట్టకారు పక్కకి జరిపి, ఒక చెయ్యి దాని మీదే ఉంచి, బిడ్డని ఎత్తి, అమ్మ పట్టిన శాలువాలో చుట్టి మురేద్‌కి ఇచ్చింది. ఎంత తేలిక. చేతుల్లోంచి దూది తీసి ఇచ్చినట్టు ఉంది.

"త్వరగా చెప్పు వదినా, ఫాదర్ మళ్ళీ పడవెక్కేసేలా ఉన్నాడు," అంటూ మురేద్ చెవి పెట్టింది.

గొబ్నెట్ చెప్పింది. గొబ్నెట్ అని చెప్పింది.

మురేద్ తల వెనక్కి తీసి చూసింది. "అదా? బళ్ళో ఆ పేరు పట్టుకుని బస్తాడు ఏడుపు ఏడ్చావు, మర్చిపోయావా? మాస్టారి పుస్తకంలో అన్ని రాణుల పేర్లున్నాయి, నీకు ఇదే దొరికిందా?"

"అదే. ఫాదర్‌కి గట్టిగా చెప్పు. వినపడలేదంటే మళ్ళీ చెప్పు."

"నీ ఇష్టం. పాపం పిల్ల, పెద్దయ్యాక నన్ను తిడుతుంది," అని నవ్వుతూ మురేద్ బిడ్డని గుండెకి హత్తుకుని బయటికి నడిచింది. నాలుగడుగులు వేసేసరికి మంచు ఆమెని మింగేసింది, కాళ్ళ చప్పుడు మిగిలింది. తర్వాత అదీ పోయింది.

గొబ్నెట్ గడప లోపలే నిలబడింది. తలుపు చెక్క పట్టుకుంది. అటువైపు దారి, ఇటువైపు దిబ్బ, రెండూ కనిపించడం లేదు. దిబ్బ వైపు తిరిగి, ఎవరినో పొలం నుంచి అన్నానికి పిలిచినట్టు మామూలుగా పిలిచింది. "లీయదన్! అక్కా! ఆ పేరు నీదే. నేను తీసుకోలేదు."

మంచు కదల్లేదు. ఏమీ పలకలేదు. తను ఒకటి, రెండు, మూడు అని ఊపిర్లు లెక్కపెట్టుకుంటోంది, ఆరు దాకా వచ్చింది, అప్పుడు దారి వైపు నుంచి, చాలా దూరం నుంచి, గొర్రెపిల్లని తొక్కినట్టు ఒక కేక. ఆగి మళ్ళీ. ఆగకుండా మళ్ళీ మళ్ళీ, కోపంగా, ఆకలిగా, ఊరంతా వినపడేలా. మురేద్ "ఓరి నాయనో, ఇంత గొంతు ఎక్కడ దాచావే" అంటున్నది కూడా వినిపించింది. గొబ్నెట్ గడప మీదే కూలబడి, రెండు చేతులతో నోరు నొక్కుకుని ఏడ్చింది. బతికింది. నా తల్లి బతికింది. పాలు చేపి రవిక తడిసిపోయింది.

వెనక ఇనుము బండ మీద పెట్టిన చప్పుడయింది. తిరిగి చూస్తే అమ్మ పట్టకారు తీసి పొయ్యి పక్కన గోడకి ఆనించింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"వాళ్ళు రావడానికి గంట పడుతుందిగా," అంది బాబీన్. పీట తొట్టి దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఆ తలుపు అలాగే ఉండనీ." ఆమె గుమ్మంలోంచి మంచు వైపు చూసి, నోరు తెరిచి, ఒకసారి మూసి, మళ్ళీ తెరిచింది. ఇరవయ్యారేళ్ళు వాడని మాట కదా, దారి మర్చిపోయినట్టు మెల్లిగా వచ్చింది. "లీయదన్."

తర్వాత కాలితో తొట్టిని తోసింది. టకటక, టకటక. గొబ్నెట్ మొహం తుడుచుకుంది, అమ్మకి కాస్త టీ పెట్టాలి, ఫాదర్‌కి గుడ్లు ఉడకబెట్టాలి, ఇల్లు ఊడవాలి. గుమ్మంలోంచి చల్లటి గాలి ఆమె మోచేతిని రాసుకుంటూ లోపలికి వెళ్ళింది. టకటక, టకటక, టక. దుబ్. దుబ్, దుబ్.

గొబ్నెట్ తల తిప్పలేదు. తిప్పితే కనిపించేది తను ఓర్చుకోలేనంత చిన్నదై ఉంటుందని తెలుసు. "అమ్మా?" అంది.

"మెల్లిగా మాట్లాడు," అంది బాబీన్. "ఇప్పుడే పడుకుంది."